నవ్వించే క్వార్టెట్: ఒక ప్రదర్శన తయారీ డైరీ

ఎంపిక

నలుగురు తంత్రీవాద్యకారులు (వయొలిన్ ఇద్దరు, దానికంటే పెద్దవైన వయోలా, చెల్లో ఒక్కొక్కరు), పియానోలో చక్కని శిక్షణ ఉన్న ఒక హాస్యనటి, గంట నిడివి గల ప్రదర్శన. మా ప్రాజెక్టు ఇంతే. పాశ్చాత్య శాస్త్రీయ సంగీత కచేరీకి ఎన్నడూ రానివారు, వచ్చినా ఎప్పుడు చప్పట్లు కొట్టాలో తెలియక బిగుసుకుపోయి కూర్చునేవారు, ఈ గంటసేపు హాయిగా నవ్వుతూ నాలుగు తంత్రీవాద్యాల కోసం రాసిన ఒక పూర్తి క్వార్టెట్‌ను వినగలగాలన్నది లక్ష్యం. రచన, దర్శకత్వం నా బాధ్యత కనుక ఏ దశలో ఏమి నిర్ణయించామో, ఎందుకు నిర్ణయించామో ఎప్పటికప్పుడు ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

సంగీతానికి హాస్యాన్ని జోడించడానికి రెండు దారులున్నాయి. సంగీతాన్ని నేపథ్యంగా ఉంచి దాని ముందు నవ్వించే పనులు చేయడం ఒకటి. సంగీతంలోనే ఉన్న చమత్కారాన్ని వెలికితీసి సామాన్య శ్రోత చెవికి అందేలా చేయడం రెండవది. మొదటి దారిలో నవ్వు త్వరగా వస్తుంది, కానీ ఆ నవ్వుతో పాటు సంగీతం శ్రోత మనసులోంచి జారిపోతుంది. మేము రెండవ దారినే ఎంచుకున్నాము. కచేరీ సంప్రదాయాన్ని, అందులోని గాంభీర్యాన్ని వెక్కిరించడం మా ఉద్దేశం కాదు. ఆ సంప్రదాయాన్ని నిర్మించిన స్వరకర్తలే ఎంతో హాస్యప్రియులు. ఆ సంగతి కొత్త శ్రోతకు ఎవరూ చెప్పకపోవడమే అసలు లోటు.

ఈ రంగంలో పేరుపొందినవారిని పరిశీలించినా ఇదే కనిపిస్తుంది. కోపెన్‌హాగెన్‌లో 1909లో పుట్టిన హాస్య పియానిస్టు విక్టర్ బోర్గే బాల్యం నుంచి పియానోలో ఆరితేరినవాడు. న్యూయార్క్ నాటకశాలల కేంద్రమైన బ్రాడ్‌వేలో 1953 నుంచి 1956 వరకు అతని ఏకపాత్ర ప్రదర్శన 849 సార్లు సాగింది. పియానో ముందు కూర్చుని వాయించకుండా తాత్సారం చేస్తూ అతను నవ్వించగలిగాడంటే, వాయించిన క్షణంలో అతని వేళ్లు ఎంత సమర్థమైనవో సభకు తెలియడమే అందుకు కారణం. లండన్‌లోని రాయల్ ఫెస్టివల్ హాల్‌లో 1956లో వ్యంగ్యచిత్రకారుడు గెరార్డ్ హోఫ్‌నుంగ్ నిర్వహించిన హాస్య సంగీతోత్సవానికి స్వరకర్త మాల్కమ్ ఆర్నాల్డ్ వాక్యూమ్ క్లీనర్లు, నేల పాలిష్ చేసే యంత్రం, తుపాకులు, పూర్తి ఆర్కెస్ట్రా కలిపి ఒక ఓవర్చర్ (ఆరంభ సంగీతం) రాశాడు. ఆ యంత్రాలు నవ్వు తెప్పిస్తాయి, నిజమే. అయితే వాటి చుట్టూ ఉన్న ఆర్కెస్ట్రా రచన నిఖార్సైన ఓవర్చర్ కావడం వల్లనే ఆ నవ్వు నిలబడుతుంది. పి.డి.క్యూ. బాక్ అనే కల్పిత స్వరకర్తను సృష్టించిన పీటర్ షికెలీ కూడా బరోక్, క్లాసికల్ అనే పాత యూరోపు శైలులు లోతుగా తెలిసిన స్వరకర్తే.

మా ప్రదర్శనకు వెన్నెముకగా ఆస్ట్రియా స్వరకర్త యోసెఫ్ హైడన్ 1781లో రాసిన ఓపస్ 33 అనే సంపుటిలోని రెండవ క్వార్టెట్‌ను తీసుకున్నాము. "జోక్" అన్న మారుపేరుతో ప్రసిద్ధమైన రచన ఇది. దీని చుట్టూ రెండు చిన్న అంశాలు చేర్చాము. ఫ్రెంచి స్వరకర్త సాఁ-సాన్స్ 1886లో రాసిన జంతువుల కార్నివాల్ నుంచి "తాబేళ్లు" ఒకటి, మోట్సార్ట్ 1787లో రాసిన "సంగీత హాస్యం" చివరి బార్లు (బార్ అంటే తాళావర్తం లాంటి కొలత) మరొకటి. రచనలన్నీ కాపీహక్కుల గడువు దాటినవే కనుక అమరికలు మార్చుకునే స్వేచ్ఛ మాకుంది. ఆధునిక ముద్రణలకు మాత్రం విడిగా హక్కులు ఉండవచ్చు. అందుకే పాత ముద్రణల నుంచే మా ప్రతులు తయారు చేసుకున్నాము.

నియమం తెలిస్తేనే నవ్వు

రిహార్సల్ గదిలో మొదట తేల్చుకోవలసి వచ్చిన ప్రశ్న "తాబేళ్లు" గురించి. ఓఫెన్‌బాక్ 1858 నాటి ఆపెరెట్టాలో (హాస్య సంగీత నాటకంలో) రాసిన, వేగంగా సాగే కాన్‌కాన్ నృత్యపు బాణీని సాఁ-సాన్స్ తీసుకుని, విపరీతమైన నెమ్మదితనంతో తంత్రీవాద్యాల చేత వాయింపజేశాడు. వాటి మీదుగా పియానో పై స్థాయిలో మెల్లగా మూడేసి స్వరాల గుంపులు వాయిస్తూ ఉంటుంది. కాన్‌కాన్ తెలిసినవాడికి ఇది కడుపుబ్బ నవ్వించే విషయం. తెలియనివాడికి మాత్రం ఇది విచారంగా సాగే ఒక బాణీ, అంతే. కొత్త శ్రోతల కోసం పని చేస్తున్నాము కనుక వారికి కాన్‌కాన్ తెలుసని అనుకోవడానికి వీల్లేదు.

అందువల్ల ముందుగా ఆ బాణీని అసలు వేగంతో వాయించి, ఆ వేగాన్ని సభ శరీరంతో అనుభవించేలా చేసి, ఆ తర్వాతే తాబేళ్ల నడకకు దిగాలని నిర్ణయించాము. పియానో వద్ద ఉన్న నటి వేగవంతమైన కాన్‌కాన్‌ను తానొక్కతే వాయిస్తుంది. సభలో కాళ్లు లయకు కదలడం మొదలైన తర్వాత ఆపుతుంది. క్వార్టెట్ వైపు తిరిగి, "ఇప్పుడు మీరు అందుకోండి" అంటుంది. నలుగురూ మహా శ్రద్ధగా, ఒక్కొక్క స్వరాన్నీ తూకం వేసినట్లుగా, తాబేళ్ల వేగంతో అందుకుంటారు. వివరణ ఒక్క ముక్క కూడా అవసరం లేకుండానే హాస్యం అందుతోంది.

ప్రాజెక్టు మొత్తానికి మూలసూత్రం ఇక్కడే దొరికింది. సంగీతంలో చమత్కారం అంటే శ్రోత ఎదురుచూస్తున్నది రాకపోవడం, లేదా ఎదురుచూడనిది రావడం. ఎదురుచూడాలంటే ముందు నియమం తెలియాలి. ఆ నియమాన్ని బయట ఎక్కడో నేర్చుకుని రమ్మని శ్రోతను అడగడం అన్యాయం. నేర్పే పని కూడా ప్రదర్శనే చేయాలి, అదీ పాఠం చెప్పినట్లు కాకుండా. హైడన్ సరిగ్గా అదే చేశాడు. క్వార్టెట్ చివరి భాగంలో ప్రధాన స్వరవాక్యం పల్లవిలా మళ్లీ మళ్లీ వస్తుంది. సంగీతం ఏమాత్రం తెలియనివాడికి కూడా కొద్దిసేపటికి అది కంఠస్థమైపోతుంది. అలా చెవికి పూర్తిగా అలవాటు చేశాకే అతను దాన్ని విరగ్గొట్టడం మొదలుపెడతాడు.

మౌనం, కమాను, చప్పట్లు

ఎక్కువ సమయం తీసుకున్నది, ఎక్కువ సంతృప్తినిచ్చినది ఈ దశే.

చివరి భాగం ముగింపులో పరుగులు తీస్తున్న సంగీతం హఠాత్తుగా ఆగి, బరువైన అడాజియో (నెమ్మదైన ఖండం) ఒకటి కాసేపు అడ్డుపడుతుంది. ఆ తర్వాత పల్లవి తిరిగి వస్తుంది కానీ ముక్కలు ముక్కలుగా వస్తుంది. రెండు బార్ల స్వరవాక్యం, మౌనం, ఇంకో రెండు బార్లు, మళ్లీ మౌనం. నాలుగు ముక్కలూ పూర్తయ్యాక ఇక అయిపోయిందని ఎవరైనా అనుకుంటారు. అంతకు ముందున్న వాటి కంటే పొడవైన మౌనం తర్వాత మొట్టమొదటి ముక్క అతి మెల్లగా ఒకసారి వినిపిస్తుంది. అదే ముగింపు. ఒక వాక్యం మొదలుతో రచన ముగియడం వల్ల, నిజంగా అయిపోయిన తర్వాత కూడా అయిపోయిందో లేదో సభకు తెలియదు.

స్కోరులో (రాసిన స్వరలిపిలో) ఉన్న మౌనాన్ని లెక్కపెట్టి పాటించడం సులువే. ఆ మౌనంలో వాద్యకారుల శరీరాలు ఏం చేస్తున్నాయన్నది మాత్రం స్కోరులో ఉండదు, సభ చూసేది మాత్రం దాన్నే. రకరకాలుగా ప్రయత్నించి చూసిన తర్వాత తేలినది ఇది. కమాను తీగ మీదనే ఆని ఉంటే సభ ఊపిరి బిగబట్టి వేచి ఉంటుంది, చిరునవ్వులు కనిపిస్తాయి. కమాను తీగ నుంచి నాలుగు వేళ్ల ఎత్తు లేచి గాలిలో ఆగితే సందేహం మొదలవుతుంది, అక్కడక్కడా ఒకరిద్దరు చప్పట్లకు చేతులు లేపుతారు. మొదటి వయొలిన్ కమాను ఒడిలోకి దిగి, భుజం వదులైతే సభ మొత్తం చప్పట్లు కొడుతుంది. నలుగురూ ఒకే రకంగా చేయనవసరం లేదని చెల్లో వాయించే సహచరి సూచించింది. ఆ సూచన చాలా విలువైనది. ఇప్పుడు మొదటి మౌనంలో నలుగురి కమాన్లూ తీగల మీదే ఉంటాయి. రెండవ దానిలో మొదటి వయొలిన్ కమాను ఒక్కటే లేస్తుంది. మూడవ దానిలో వయోలా వాద్యకారుడు కమాను దించి, మిగిలినవారు దించలేదని గమనించి మెల్లగా తిరిగి ఎత్తుతాడు. పొడవైన చివరి మౌనంలో అందరూ కమాన్లు పూర్తిగా దించేస్తారు. సభ చప్పట్లు కొడుతుంది. ఆ చప్పట్ల మధ్యలోనే చివరి ముక్క మొదలవుతుంది.

ఇక్కడ నేను గట్టిగా పట్టుబట్టిన విషయం ఒకటుంది. తప్పు చోట చప్పట్లు కొట్టిన శ్రోత నవ్వులపాలు కాకూడదు. మేము ఎవరి కోసం ఈ ప్రదర్శన తయారు చేస్తున్నామో, వారు కచేరీలకు దూరంగా ఉండటానికి కారణమే ఆ భయం. వారిని ముందుగా పొరపాటులోకి దించి ఆ తర్వాత నవ్వితే, మేము తలుపు తెరిచినట్లు చేసి ముఖం మీద వేసినట్లవుతుంది. పరిష్కారం చాలా సరళంగా దొరికింది. ఆ సమయానికి నటి వేదిక దిగి ముందు వరుసలో శ్రోతల మధ్య కూర్చుని ఉంటుంది. అందరికంటే ముందు, అందరికంటే ఉత్సాహంగా, లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టేది ఆమే. సంగీతం మళ్లీ మొదలైనప్పుడు సభ నవ్వుతుంది. అందులో చిక్కుబడ్డది ఒక్కరు కాదు, అందరూ, అందరితో పాటు ఆమె కూడా.

ప్రదర్శన ఆరంభంలో ఆమె చెప్పే మాటలకు కూడా ఇదే సందర్భంలో ఒక చరిత్ర సంగతి చేర్చాను. పారిస్‌లో 1778 జూన్‌లో మోట్సార్ట్ సింఫనీ ఒకటి ప్రదర్శింపబడింది. దాని చివరి భాగాన్ని అతను మొదటి, రెండవ వయొలిన్లతో మాత్రమే మెల్లగా మొదలుపెట్టి, ఎనిమిది బార్ల తర్వాత ఒక్కసారిగా మొత్తం ఆర్కెస్ట్రాను దించాడు. మెల్లని చోట సభలోని వారు ఒకరినొకరు నిశ్శబ్దంగా ఉండమన్నారనీ, గట్టి స్వరం రాగానే చప్పట్లు కొట్టారనీ, తాను అనుకున్నట్లే జరిగిందనీ తండ్రికి సంతోషంగా ఉత్తరం రాశాడు. సంగీతం నడుస్తుండగానే చప్పట్లు కొట్టడం ఆ కాలంలో మామూలు విషయం, స్వరకర్తలు ఆశించిన విషయం కూడా. ఈ ఒక్క సంగతి చెప్పగానే శ్రోతల భుజాలు వదులు కావడం వేదిక మీద నుంచి స్పష్టంగా కనిపిస్తోంది.

నవ్వులను నమోదు చేసిన పద్ధతి

పరిశీలన కోసం చిన్న సభల ముందు ప్రదర్శించడం మొదలుపెట్టాక, ఎక్కడ నవ్వారన్నది మాత్రమే రాసుకుంటే చాలదని తేలింది. ఎలాంటి నవ్వు వచ్చిందన్నది కూడా అవసరం. అందుకు నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో భరతుడు చేసిన విభజన ఎంతగా పనికివచ్చిందో చెప్పలేను. స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం అని నవ్వు ఆరు విధాలు. స్మితంలో చెక్కిళ్లు కొద్దిగా వికసిస్తాయి, పళ్లు కనిపించవు. హసితంలో ముఖం, కళ్లు విచ్చుకుంటాయి. విహసితం మధురమైన ధ్వనితో, సమయానికి తగినట్లుగా వచ్చేది. ఉపహసితంలో ముక్కుపుటాలు ఉబ్బి, తల, భుజాలు వంగుతాయి. అపహసితం రాకూడని చోట వచ్చేది, అతిహసితం పక్కలు పట్టుకుని నవ్వేది. ఈ పేర్ల తొలి అక్షరాలను స్కోరు అంచున పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటూ వచ్చాను.

ఆ గుర్తులను తర్వాత కలిపి చూస్తే మా ప్రదర్శన రూపం బయటపడింది. రెండవ భాగమైన స్కెర్ట్సోలో (చలాకీ భాగంలో) మధ్య ఖండం ఉంటుంది. అందులో మొదటి వయొలిన్ ఒక స్వరం నుంచి మరో స్వరానికి వేలు జార్చుతూ వెళ్లేలా హైడన్ స్వయంగా వేళ్ల గుర్తులు రాశాడు. ఆ జారుడు దగ్గర అన్ని రకాల సభలలోనూ హసితమే వచ్చింది. వాద్యకారుడు దాన్ని కొంచెం పెంచి వాయిస్తే ఉపహసితం వచ్చింది, కానీ తర్వాతి వాక్యం నవ్వులో మునిగి ఎవరికీ వినిపించలేదు. పెంచకుండా, హైడన్ రాసినంతే జార్చాలని నిర్ణయించాము. సంగీతం నడుస్తున్నంతసేపు స్మితం, హసితం చాలు. విహసితం మౌనాల్లో రావాలి. అతిహసితానికి చోటు మాటల దగ్గరా, అంశం ముగిసిన చోటా మాత్రమే. స్కోరు అంచున అపహసితం గుర్తు పడిన ప్రతి చోటా ఏదో ఒకటి తీసివేయవలసి వచ్చింది. ఎక్కువసార్లు ఆ తీసివేసినది నేను రాసిన మాటే.

నవ్వు తర్వాత తిరిగి వాయించడం ఎప్పుడు మొదలుపెట్టాలన్నది మరో సాంకేతిక విషయం. నవ్వు పూర్తిగా ఆగే దాకా ఆగితే వేడి చల్లారిపోతుంది. శిఖరంలో ఉండగా మొదలుపెడితే స్వరాలు వృథా అవుతాయి. నవ్వు శిఖరం దాటి దిగుతూ, ఇంకా కొంత మిగిలి ఉండగా మొదటి వయొలిన్ ఊపిరి తీసుకోవాలి. ఆ సమయాన్ని పట్టుకునే చెవి నటికి ఉంది, వాద్యకారుల కళ్లు స్కోరు మీద ఉంటాయి. అందుకే పియానో మూత మీద ఆమె అరచెయ్యి ఆనించడాన్ని సంకేతంగా పెట్టుకున్నాము. చెల్లో కూర్చునే చోటు నుంచి ఆ చెయ్యి తిన్నగా కనిపిస్తుంది. చెల్లో వాద్యకారిణి తల కొద్దిగా ఎత్తితే మిగిలిన ముగ్గురికీ సంకేతం అందుతుంది.

తప్పును తప్పు లేకుండా వాయించడం

మోట్సార్ట్ "సంగీత హాస్యం" నిజానికి తంత్రీవాద్యాలకూ, బాకా వంటి రెండు హార్న్‌లకూ రాసినది. అందులోని చమత్కారాలలో చాలా భాగం చేతకాని స్వరకర్త ఎలా రాస్తాడో అనుకరించడం. అంటే అతుకులు సరిగా పడని వాక్యాలు, ఎటూ తేలని సంగీతపు నడక. స్వరరచన చదువుకున్నవారికి అది గొప్ప విందు. కొత్త శ్రోతకు మాత్రం కేవలం కాస్త చప్పని సంగీతంలా వినిపించే ప్రమాదం ఉంది. చివరి బార్లు అలా కాదు. హార్న్‌లు తమ శ్రుతి అయిన ఎఫ్ మేజర్‌లోనే ఉండగా వయొలిన్లు, వయోలా ఒక్కొక్కటి జి, ఎ, ఇ-ఫ్లాట్‌లలోకీ, కింది తీగలు బి-ఫ్లాట్‌లోకీ వెళ్లి, అందరూ ఒకే ఆత్మవిశ్వాసంతో ముగించేస్తారు. ఇది ఎవరికైనా అందుతుంది. అందుకే ముగింపు మాత్రమే తీసుకుని, హార్న్‌ల భాగాన్ని పియానోకు ఇచ్చాము.

దీని సాధన కష్టమైనది. నలుగురిలో ఏ ఒక్కరి శ్రుతి ఏమాత్రం వదులైనా, చెవులు ఒకదానికొకటి సర్దుకోవడానికి ప్రయత్నించి, మొత్తం ఒక మురికి ధ్వనిలా తయారవుతుంది. సభ దాన్ని నిజమైన పొరపాటుగా తీసుకుని ఇబ్బంది పడుతుంది, నవ్వదు. ఎవరి శ్రుతిలో వారు నిప్పులా నిఖార్సుగా ఉన్నప్పుడే ఐదు వేర్వేరు సత్యాలు ఒకేసారి పలికినట్లు వినిపిస్తుంది. ఒక్కొక్కరు తమ భాగాన్ని విడిగా, తమ శ్రుతికి తగిన ఆధారస్వరంతో సాధన చేసి, ఆ తర్వాత ఇద్దరిద్దరుగా కలిసి, చివరకు అందరూ కలిశారు. ముఖంలో ఏ కదలికా ఉండకూడదు. వాద్యకారుడు ముందుగా నవ్వాడంటే శ్రోతకు నవ్వు మిగలదు. ముగిసిన తర్వాత నలుగురూ ఘనవిజయం సాధించినవారిలా లేచి నమస్కరిస్తారు.

లార్గో

క్వార్టెట్ మూడవ భాగమైన లార్గోలో హాస్యం లేదు. వయోలా, చెల్లో ఇద్దరే కలిసి దాన్ని మొదలుపెడతారు. సభను నవ్వించే పనిలో ఉన్నప్పుడు ఇలాంటి భాగాన్ని వదిలేయడం సులువు, కుదించడం ఇంకా సులువు. అలా సలహా ఇచ్చినవారూ ఉన్నారు. నేను అంగీకరించలేదు. అప్పటి దాకా నవ్వడం వల్ల చెవులు తెరుచుకున్న శ్రోతకు, ఏ సహాయమూ లేకుండా ఒక నెమ్మదైన భాగాన్ని పూర్తిగా వినే అవకాశం ఇవ్వకపోతే ఈ ప్రదర్శనకు అర్థం లేదు.

ఆ సమయంలో నటి ఏం చేయాలన్నది చాలా చర్చకు దారితీసింది. వేదిక మీద నుంచి వెళ్లిపోతే హాస్యం అయిపోయిందన్న నిరాశ పుడుతోంది. ఉన్నచోటే ఉంటే, ఆమె ఏదో చేస్తుందని సభ ఆమెనే చూస్తోంది. ప్రస్తుతం ఆమె పియానో ముందు నుంచి కుర్చీని క్వార్టెట్ వైపు తిప్పుకుని, సభకు వీపు కనిపించేలా కూర్చుని వింటుంది. ముఖం కనిపించదు కనుక సభ చూపు కొద్దిసేపటికి వాద్యకారుల మీదికి వెళ్తోంది. పిల్లలు ఎక్కువగా ఉన్న సభలో కూడా వయోలా, చెల్లోల జంట నిశ్శబ్దంగా వినబడింది. స్కోరు అంచున అక్కడ నేను ఏ అక్షరమూ రాయలేదు.

మిగిలిన పని

మాటలు ఇంకా తగ్గాలి. నటి మాటలు ప్రస్తుతం ఎనిమిది నిమిషాలు ఉన్నాయి. ఐదింటికి దించగలిగితే వేరే భాష మాట్లాడే సభల కోసం పూర్తిగా మూకాభినయంతో నడిచే మరో రూపాన్ని తయారు చేయడం కూడా సాధ్యమవుతుంది. కాన్‌కాన్, తాబేళ్లు, చివరి మౌనాలు ఇప్పటికే మాటలు లేకుండా నడుస్తున్నాయి. చప్పట్ల చరిత్రను మాత్రం అభినయంగా మార్చే దారి ఇంకా వెతకాలి. అదీ కాక, నటి ముందు వరుసలోకి దిగే మెట్లు అన్ని వేదికలకూ ఒకే వైపున ఉండవు కనుక, ఆమె కుడి వైపు నుంచి దిగేలా ఒకటి, ఎడమ వైపు నుంచి దిగేలా ఒకటి రెండు రకాలుగానూ చివరి భాగాన్ని సాధన చేయించాలి. వచ్చే రిహార్సల్‌ను పూర్తిగా దీనికే కేటాయించాము.